జముకు వాయించిందెవరు

శుక్రవారం వస్తే కళ్యాణ్‌ని పట్టలేం. మిగతా రోజుల్లో విజయనగరం గంటస్తంభం దగ్గర తండ్రి పెట్టిన స్టీలు సామాన్ల కొట్లో కూర్చుని గంగాళాలూ క్యారేజీలూ అమ్ముకునే మనిషి, శుక్రవారం మధ్యాహ్నం అన్నం తినగానే మేడమీది గోడౌనులోకి ఎక్కిపోతాడు. అక్కడ బిందెల దొంతుల మధ్య ఒక కుర్చీ, ఒక మైకు, ఒక కెమెరా ఉంటాయి. 'రాక్ కబుర్లు' అని అతని ఛానెలు. ఆ వారం ఎక్కడెక్కడ కొత్త రాక్ పాటలు విడుదలయ్యాయో అందులో చెబుతాడు, షిల్లాంగు కుర్రాళ్ల ఆల్బం దగ్గర్నుంచి ఎక్కడో మంచుదేశంలో గొర్రెలపాకలో కూర్చుని రికార్డు చేసిన పాట దాకా. మధ్యలో రాక్ చరిత్రలోంచి ఓ ముచ్చట, చివర్న ఓ ప్రశ్న. ముందుగా జవాబు చెప్పినవాళ్లకి కొట్లోంచి ఒక టిఫిన్ బాక్సు. చెప్పొద్దూ, బాగానే చెబుతాడు. రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు పనికెళ్లి రెండు వేళ్ల కొసలు తెగ్గొట్టుకున్న టోనీ అయోమీ, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మళ్లీ గిటారు పట్టిన సంగతి అతను చెబితే, నెల్లిమర్ల జూటుమిల్లు కార్మికుల పిల్లలు ఆ వీడియోని ఊరంతా తిప్పారు.

ఆ శుక్రవారం మాత్రం అతని మేనమామ కూతురు హైమ, నెల్లిమర్లలో తన మీసేవ కేంద్రంలో కూర్చుని ఆ కబుర్లు చూస్తూ చూస్తూ ఫోను బల్లమీద ఠక్కున బోర్లించేసింది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించుకోవడానికి వచ్చిన ముసలాయన తన కార్డులో ఇంకేం తప్పు పడిందోనని హడలిపోయాడు. తప్పు మీది కాదు తాతా, మాది అని చెప్పి ఆయన పని చేసి పంపింది గానీ, అరికాలి మంట నెత్తికెక్కి కూర్చుంది.

ఎక్కదా మరి. ఆ వారం కొత్త పాటల్లో వాళ్ల పాట కూడా ఉంది. 'గోనెసంచి' అని వాళ్ల బ్యాండు. హైమ పాడుతుంది, గిటారు వాయిస్తుంది. డ్రమ్స్ కళ్యాణ్. బేస్ గిటారు వాయించే అబ్బాయి ఉద్యోగమొచ్చి వెళ్లిపోతే, ఆ చోట తవిటమ్మ వచ్చి కూర్చుంది. కూర్చోవడమంటే మామూలుగా కాదు, సింహాసనం మీద కూర్చున్నట్టే. గజపతినగరం అవతల పల్లెలో జముకుల కథ చెప్పే పెద్ద వయసు మనిషి ఆవిడ. ఆ జముకు ఓ చిన్న డోలులా ఉంటుంది, దానికి ఒక పక్కే తోలు. తోలు మధ్యలోంచి నరం లాగి కట్టుంటుంది. దాన్ని సంకలో ఇరికించుకుని, నరం బిగిస్తూ వదులుతూ ఆవిడ మీటితే ఆ మోత గుండెకాయ కింద వినిపిస్తుంది. ఏ బేస్ గిటారూ దాని కాలిగోటికి చాలదు. మిల్లు రాత్రి డ్యూటీ మీద హైమ కట్టిన 'సి షిఫ్టు' అనే పాట మొత్తం ఆ మోత మీదే నడుస్తుంది. జముకు తీసేస్తే ఆ పాటలో మిగిలేది హైమ అరుపులే. ఆ మాట హైమే చెబుతుంది.

పాట యాప్‌లలో తెల్లవారేసరికి వచ్చింది. పాట కింద ఇలా ఉంది: గానం, గిటారు, హైమ. డ్రమ్స్, కళ్యాణ్. జముకు, జానపద శబ్దం.

జానపద శబ్దమట. మనిషి ఊపిరితో, చెమటతో, ఆ వయసులో బస్సెక్కి విశాఖపట్నం దాకా వచ్చి, చల్లటి స్టూడియో గదిలో చీర కొంగు చెవులకి చుట్టుకుని కూర్చుని వాయిస్తే, అది శబ్దమట. వానపడితే రేకులు మోగినట్టు, దానికి ఎవరూ అక్కర్లేనట్టు.

అది చూసిన మంట చల్లారకముందే కళ్యాణ్ కార్యక్రమం మొదలైంది. ఆ వారం అతని ముచ్చట ఏమిటయ్యా అంటే, కేరల్ కే. పందొమ్మిదివందల అరవైల్లో అమెరికాలో, లాస్ ఏంజలెస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని హిట్టు పాటలకి బేస్ గిటారు వాయించిన ఆవిడ. రికార్డుల అట్టల మీద ఆవిడ పేరు ఉండేది కాదు. అట్ట మీద బొమ్మలు కుర్రాళ్లవి, లోపల వేళ్లు ఆవిడవి. ఎంత అన్యాయమండీ అని కళ్యాణ్ బల్ల గుద్దాడు, వెనక బిందెలు గొల్లుమన్నాయి. కళాకారిణి పేరు చెరిపేసిన పాపం ఊరికే పోదన్నాడు. అని, గొంతు సవరించుకుని, ఇక ఈ వారం మన సొంత విడుదల అంటూ 'సి షిఫ్టు' వినిపించి, ఇందులో మీరు వింటున్నది మన ఉత్తరాంధ్ర మట్టిలోంచి పుట్టిన ప్రాచీన జానపద నాదం అని సెలవిచ్చాడు. తవిటమ్మ ఊసే లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింటి అన్యాయం కూడా అంత రుచిగా ఉంటుందని హైమకి ఆ రోజే తెలిసింది.

ఇక్కడ హైమ సంగతీ చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే చెప్పినట్టవుతుంది. తవిటమ్మ ఇంట ఒక ఆనవాయితీ ఉంది. నరం మీద మొదటి మీటు పడకముందే తనకి ఆ విద్య ఇచ్చిన గురువు పేరు, ఊరు, ఆ తర్వాత తన పేరు, ఊరు పైకి చెప్పాలి. కథ చెప్పబోయినా అంతే, ఉత్తినే శ్రుతి చూసుకున్నా అంతే. స్టూడియోలో రికార్డు చేసే అబ్బాయి ఆ మాటలు అక్కర్లేదమ్మా, నేను చెయ్యి ఊపగానే వాయించెయ్ అన్నాడు. ఆవిడ జముకు ఒళ్లో పెట్టుకుని అతనివైపు చూసింది.

"పేరు సెప్పకుండా నరం ముట్టుకుంటే దొంగసొత్తు ముట్టుకున్నట్టే బాబూ. బొండపల్లి గంగులు నా గురువు. ఆయనిచ్చిందే గానీ నాదేటున్నాది ఇందల?"

అని, ఆ పేరూ తన పేరూ తీరిగ్గా మైకులోనే చెప్పి, అప్పుడు మీటింది. ఆ మాటలతో సహా రికార్డయింది. తరవాత, పాట ప్రచారం చూసే హైదరాబాదు కంపెనీ మనిషి రమేష్‌బాబు, పాట మొదట్లో మాటలుంటే వినేవాళ్లు దాటేసి పోతారని ఫోను చేశాడు. హైమ కాసేపు గింజుకుంది. పాట కింద ఎలాగూ తవిటమ్మ పేరు రాస్తారు కదా అని మనసుకి సర్దిచెప్పుకుని, తనే కంప్యూటరు ముందు కూర్చుని ఆ ముక్క కోసేసింది. ఆవిడతో చెప్పాలనుకుంది. ఫోనులో చెప్పే మాట కాదు, వెళ్లినప్పుడు చెబుదాంలే అనుకుంది. వెళ్లలేదు. ఇప్పుడు పాటలోనూ పేరు లేదు, పాట కిందా లేదు. తన కత్తెర లేకపోతే కనీసం ఒకచోట ఉండేది కదా అనే సంగతి గుర్తొచ్చినకొద్దీ హైమకి కళ్యాణ్ మీద కోపం ఇంకా పెరిగింది. మనుషులం అలాగే ఉంటాం.

సాయంత్రం మీసేవ మూసేసి స్కూటీ మీద విజయనగరం వెళ్లింది. కొట్లో ఎవరో పెళ్లివాళ్లు సారె సామాన్లు బేరం చేస్తున్నారు. హైమ కౌంటరు మీద ఫోను పెట్టి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, ఇదేటి బావా అని అడిగింది. కళ్యాణ్ పెళ్లివాళ్లకి నవ్వుతూ గ్లాసులు చూపిస్తూనే, కొంచెం ఆగవే, గొడవ చెయ్యకు అన్నాడు. హైమ ఆగలేదు. శ్రీరంగనీతులు చెప్పడానికి శుక్రవారాలు కావాలి గానీ పేరు రాయడానికి చెయ్యి రాలేదా, ఆ అమెరికా ఆవిడ పేరు నీ నోట్లో ఎన్నిసార్లు నలిగింది, మన పక్కన కూర్చుని వాయించిన మనిషి పేరు ఒక్కసారైనా వచ్చిందా అని దులిపేసింది. పెళ్లివాళ్లు బేరం ఆపి వినసాగారు.

కళ్యాణ్ ఆమెని మేడమీదికి తీసుకుపోయాడు. అతనూ దుర్మార్గుడేం కాదు, పాట పిచ్చోడు. కంపెనీ వాళ్లు రాసి పంపింది రాసినట్టు ఎక్కించాను, నాదేటుంది అన్నాడు. తవిటమ్మ అంటే ఎవరికి తెలుసు, జానపద శబ్దం అంటే విదేశాల్లో చెవి పెడతారు, అదో రహస్యంలా ఉంటుందని రమేష్‌బాబు చెప్పాడట. పైగా పొద్దున్నే పాట యాప్‌వాళ్ల పెద్ద పాటల జాబితాలోకి ఎక్కింది, ఎక్కడెక్కడి వాళ్లో వింటున్నారు. ఇప్పుడు సవరణ పంపితే మారడానికి రెండు వారాలు పట్టవచ్చు. తీసేసి మళ్లీ పెడితే జాబితాలోంచి పోతుంది, ఎంతమంది విన్నారన్న లెక్క సున్నా అవుతుంది. ఆదివారం పాట ఆవిష్కరణ సభ పెట్టుకున్నాం, తవిటమ్మ పెద్దమ్మ వస్తుంది, శాలువా కప్పుదాం, స్టేజీ మీద పేరు చెబుదాం, అంతటితో సరిపోతుంది కదే అన్నాడు.

"శాలువా ఎవరికి కప్పుతావు బావా, శబ్దానికా?" అని అడిగి హైమ మెట్లు దిగిపోయింది.

రమేష్‌బాబుకి ఫోను చేస్తే అతను మరీ మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్లతో దెబ్బలాడటం చేత కాదు హైమకి. మేడమ్, జానపదం అందరి సొత్తు, ఒక్కరి పేరు పెడితే సంప్రదాయాన్ని చిన్నబుచ్చినట్టు అవుతుంది అన్నాడు. అందరి సొత్తు అయితే గిటారు పక్కన నా పేరెందుకు రాశావయ్యా, గిటారు నేను కనిపెట్టానా అని అడుగుదామనుకునేలోపే, ఇంకో కాల్ వస్తోందని పెట్టేశాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

శనివారమంతా ఆ మంట రగులుతూనే ఉంది. మీసేవకి వచ్చినవాళ్ల పేర్లు టైపు చేస్తోంది, తండ్రి పేరు, ఊరి పేరు, అక్షరం తప్పు పోతే మళ్లీ కొడుతోంది. పేరులో ఒక్క పొల్లు తేడా వస్తే పింఛను ఆగిపోయే దేశంలో, ఒక మనిషి పేరు మొత్తం లేకుండా చేస్తే అడిగేవాడు లేడా అనుకుంది. కళ్యాణ్ పాటని యాప్‌లకి ఎక్కించిన ఖాతా ఆమె పేరు మీదే ఉంది. సాయంత్రం ఖాతా తెరిచి, పాటని వెనక్కి తీసుకోవాలని నొక్కింది. మీకు ఖాయమేనా అని అడిగింది అది. ఖాయమే అంది హైమ, పైకే. ఎవరితోనూ చెప్పలేదు. పోతే పోయింది వెధవ పాట, ఆ ముసలావిడని అవమానం చేసి బతికే పాట మాకొద్దు అనుకుంది. అనుకున్నాక ఎంత తేలిగ్గా ఉందంటే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఆదివారం మధ్యాహ్నానికి పాట ఒక్కో యాప్‌లోంచీ మాయమైపోయింది. సభ విజయనగరంలోనే, ఒక కళ్యాణమండపంలో. హైమ గిటారు భుజాన వేసుకుని వెళ్లేసరికి వాకిట్లోనే కళ్యాణ్ ఎదురయ్యాడు. ముఖం పాలిపోయి ఉంది. ఎంత పని చేశావే అన్నాడు. పక్కనే రమేష్‌బాబు ఇంగ్లీషులో ఒప్పందం గురించి ఏదో అంటున్నాడు. హైమ తల ఎత్తుకునే నిలబడింది. తవిటమ్మ వచ్చాక అంతా చెబుతుంది, ఆవిడ తన తల నిమురుతుంది, అప్పుడు చూడండి మీ ముఖాలు అనుకుంది.

తవిటమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. వ్యానులో పల్లెలోని ఆడవాళ్లందర్నీ వేసుకుని వచ్చింది, పండక్కి దాచిన చీరలు కట్టుకుని. వాళ్లలో సుభద్రమ్మ అనే పెద్దావిడ చేతిలో ఫోను ఉంది. దాన్ని పైకీ కిందకీ తోస్తోంది. దారి పొడుగునా తోస్తూనే వచ్చిందట. శుక్రవారం తమ అరుగు మీద కూర్చుని ఊరంతా విన్న పాట, ఈ రోజు వ్యానులో వినిపిస్తానని తవిటమ్మ అందరికీ చెబితే, ఎక్కడ వెతికినా దొరకలేదు. డ్రైవరు నవ్వాడట, ముసల్దానికి మతి పోయిందని.

హైమ ఎదురెళ్లి చేతులు పట్టుకుంది. జరిగిందంతా గబగబా చెప్పేసింది. రమేష్‌బాబు అడిగితే మొదటి ముక్క తను కోసిన సంగతి, కంపెనీవాడు శబ్దమని రాసిన సంగతి, బావతో దెబ్బలాడిన సంగతి, పాట తీసేసిన సంగతి. చెబుతుంటే తన కోపం మీద తనకే జాలేసింది. తవిటమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"శబ్దమని రాసినారని నాకు శుక్రోరమే తెల్సు. సుభద్రమ్మ కోడలు సదివి సెప్పినాది" అంది. "ఈయాల మైకులో అందరి ముందరా రాసినోడిని అడుగుదామనే వచ్చినాను. నా నోటితో నాను అడుగుదామని."

హైమ మళ్లీ చేతులు పట్టుకోబోతే ఆవిడ అందనివ్వలేదు.

"గురువు పేరు కోసినావు, నన్నడగనేదు. ఇప్పుడు పాట తీసీసినావు, ఇప్పుడూ నన్నడగనేదు. కంపినీవోడికి నానెవులో తెల్దు. నీకు తెల్సు కదే గుంటా. మా ఇంటికొచ్చినావు, మా సేతి అంబలి తాగినావు. ఊరోల్ల ముందర నన్ను అబద్దాలకోరును సేసీసినావు."

ఆ మాటల్లో అరుపు లేదు. అరిస్తే బాగుండేదని హైమకి అనిపించింది. రమేష్‌బాబు సందు దొరికిందని ముందుకొచ్చి, నేనూ అదే చెబుతున్నానమ్మా, అనవసరంగా తీసేసింది అని మొదలెట్టాడు. నువ్వుండు బాబూ, నీ వంతు ఉన్నాది అంది తవిటమ్మ, అటు చూడకుండానే. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

రెండు రోజులుగా హైమలో కుతకుత ఉడికిన కోపమంతా అప్పుడు ఎటు పోవాలో తెలియక ఆమె మీదే పడింది. కళ్యాణ్ పేరు రాయలేదు, కంపెనీవాడు శబ్దమన్నాడు. వాళ్లిద్దర్నీ కడిగేసింది గానీ, ఈ రెండు రోజుల్లో గజపతినగరం దాకా ఒక్క ఫోను చెయ్యలేదు తను. ఎవరి కోసం దెబ్బలాడుతోందో ఆ మనిషికేం కావాలో అడగాలని తోచనేలేదు. తీసి పారెయ్యడానికి ఆ పాట తన ఒక్కదానిదా.

"ఇప్పుడేటి సెయ్యమంటావు పెద్దమ్మా?" అని అడిగింది. పట్నం మాట ఎటు పోయిందో, ఇంట్లో మాటే వచ్చింది.

తవిటమ్మ పాట మళ్లీ పెట్టమంది. మొదటి మాటతో సహా, గంగులు పేరుతో సహా పెట్టమంది. మళ్లీ మొదట్నుంచి ఎక్కాలన్నా, ఎవరూ వినకపోయినా ఫరవాలేదంది, తమ ఊరివాళ్లు వింటారు. కళ్యాణ్ వెంటనే తలూపాడు. వచ్చే శుక్రవారం నా నోటితో నేనే చెబుతానన్నాడు. అప్పుడావిడ, ఈ రోజు మాత్రం మీరిద్దరూ స్టేజీ ఎక్కొద్దు, కింద కూర్చుని వినండి అంది. గిటారు వాకిట్లోనే గోడకి ఆనించి హైమ లోపలికి నడిచింది.

హాలు నిండా కాలేజీ పిల్లలే. రాక్ బ్యాండు అని వస్తే స్టేజీ మీద డ్రమ్స్ ఖాళీగా, ముందు ఒక ముసలావిడ బాసింపట్టు వేసుకుని. గుసగుసలు మొదలయ్యాయి. హైమ ముందు వరుసలో సుభద్రమ్మ పక్కన కూర్చుంది, ఆ పక్కన కళ్యాణ్, ఆ చివర రమేష్‌బాబు. తవిటమ్మ జముకు సంకలో పెట్టుకుంది గానీ నరం ముట్టలేదు. మైకు దగ్గరకి లాక్కుని రమేష్‌బాబు వైపు చూసింది.

"బాబూ, పాట కింద శబ్దమని రాసినావట. శబ్దానికి అమ్మా బాబూ ఉంటారా? నాకున్నారు. గురువున్నాడు. ఇనుకో."

గుసగుసలు ఆగిపోయాయి. బొండపల్లి గంగులు పేరు చెప్పింది. గంగులుకి నేర్పినవాడి పేరు చెప్పింది, వాడికి నేర్పినామె పేరు చెప్పింది, ఒక్కొక్కరికీ ఊరూ వాడా చెప్పింది. తన పేరు చెప్పింది. ఇక మీటుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ఇంకా అవలేదన్నట్టు చెయ్యెత్తి, నాతో కూడి వాయించినోల్ల పేర్లు కూడా సెప్పాల అంది.

"నెల్లిమర్ల హైమ. గొంతు దానిది, గిటారు దానిది, పాట కట్టింది అదే. ఇజీనారం కళ్యాణ్. డోలు దెబ్బ ఆడిది. ఈలిద్దరూ నేకపోతే మా గంగులు వాయిద్దెం మా పల్లె దాటేది కాదు."

పేరు పిలిచినప్పుడు లేచి దణ్ణం పెట్టాలని పక్కనున్న సుభద్రమ్మ మోచేత్తో పొడిచింది. కళ్యాణ్ ఎలాగో లేచి నిలబడ్డాడు. హైమ కొంగులో ముఖం పెట్టుకుని కూర్చుంది, లేవలేకపోయింది.